లేచేందుకు కూర్చునే కుర్చీ

శెట్టెమ్మ కిందపడిందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఆటో ఓబులేసు. కమలాపురం నుంచి కడపకు మనుషుల్నీ, మూటల్నీ, వాటితోపాటు మాటల్నీ చేరవేసేది అతనే. ఆ రోజు మా వాకిట్లో ఆటో ఆపి, దిగకుండానే తల బయటికి పెట్టాడు.

"మస్తానక్కా, నీకి తెల్సునా? పూజసామాన్ల అంగడి నాగరత్నమ్మ శెట్టెమ్మ బాత్రూములో జారి పడిందంట. తుంటి విరిగితే ఆపరేషన్ చేసినారంట."

"యా అల్లా! ఎప్పుడప్పా? ఇప్పుడెట్లుండాది?"

"పడి శానా దినాలాయె. కట్టె పట్టుకోని బాగనే నడుస్తాండాది. అయితే ఇంక అంగట్లో కూసోదంట. కూసుంటే లెయ్యలేకుండాదంట."

తుంటి సంగతి డాక్టర్లు చూసుకున్నారు, దేవుడి దయ. కూర్చుంటే లేవలేకపోవడం మాత్రం నా వాటాకు వచ్చే పని. కడపలో ఆ అంగట్లో ఆమె కూర్చునే టేకు కుర్చీకి మొట్టమొదట మెత్త వేసింది మా ఇంట్లోనే.

ఆమె గురించి ఇంకొక మాట చెప్తేగాని ఈ కబురు నన్నెందుకంత కలవరపెట్టిందో మీకు తెలియదు. నాగరత్నమ్మకు ఒక పట్టింపు ఉంది. అగ్గిపెట్టె, అగరువత్తులు, దీపపు వత్తులు అడిగితే కూర్చున్నచోటి నుంచే అందిస్తుంది. కుంకుమ అడిగితే మాత్రం లేచి నిలబడి, రెండు చేతులా ఇస్తుంది. "ఒక ఆడమనిషి నుదుటికి పోయేదాన్ని కూసోని ఇస్తే ఎట్లమ్మా?" అంటుంది. కొత్తగా పెళ్లయిన పిల్లలు ఆమె చేతి కుంకుమ కోసమే దాటిపోయే అంగళ్లన్నీ దాటి అక్కడికి వస్తారు. లేవలేని రోజున ఆమె ఆ కుర్చీలో కూర్చోదు, ఎవరు చెప్పినా వినదు. కొడుకు బలవంతపెట్టి ఇంటి దగ్గర ఉంచలేదు. తనంతట తనే మానుకుంది.

నేను పని మానేసి కొంతకాలమైంది. బొటనవేళ్ల కీళ్లు అరిగాయి, దబ్బనం దిగడం లేదు. ఇప్పుడు ముందుగదిలో పని నడిపేది మా కోడలు రేష్మా. ఆమె దగ్గర నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నన్ను అడుగుతుంటారు, ఈ పనిలో అసలు తెలుసుకోవలసింది ఏమిటని. ఆ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. గుడ్డ కొలవడం, కత్తిరించడం, మొలలు కొట్టడం రేష్మా నాకంటే బాగా చెప్తుంది. నేను మిగతాది చెప్తాను.

ఇంట్లో చదువు, ఇంట్లో పని

నేను బడికి పోలేదు. అక్షరాలు మా నాయన ఇంట్లో నేర్పాడు. పని మా అత్త పీరమ్మ ఇంట్లో నేర్పింది. ఈ ఇద్దరికీ నేను చేసే దువా ఒక్క పూట కూడా తప్పలేదు.

మేం దూదేకులవాళ్లం. దూది ఏకే విల్లు నారి టంగుటంగుమని మోగుతుంటే ఇంటినిండా దూది ఎగిరేది, కనురెప్పల మీద కూడా వాలేది. మా ఆయన దస్తగిరి విల్లు భుజాన వేసుకుని ఊర్లు తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. తర్వాత స్పంజి పరుపులు వచ్చాయి. విల్లు మోగే ఇళ్లు తగ్గిపోయాయి. అప్పుడు పీరమ్మ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. సంతలో ఒక విరిగిన సోఫా కుర్చీ కొనుక్కొచ్చి వాకిట్లో పెట్టి, బిస్మిల్లా అని విప్పడం మొదలుపెట్టింది.

పైగుడ్డ తీసి చాప మీద పరిచింది. దాని పక్కన దూది పొర, దాని పక్కన కొబ్బరి పీచు, తర్వాత గోనెపట్ట, చివరికి అడుగున అల్లిన నవారు. అన్నీ వరసగా వాకిలి పొడుగునా పరిచింది. చూసినవాళ్లు ఆమెకు ఏదో అయిందనుకున్నారు.

"మస్తానీ, ఈడ చూడు," అని నన్ను పిలిచింది. "ఇప్పేటప్పుడు మొదట వచ్చింది పెట్టేటప్పుడు కడాన పోవల్ల. అంతే చదువు. ఇంగేం ల్యా."

అంతే చదువు కాదని మాకు త్వరలోనే తెలిసింది.

పరుపులవాళ్లు చేసిన కుర్చీ

మాకు వచ్చిన మొదటి బేరం నాగరత్నమ్మ కుర్చీయే. అప్పుడామె కొత్తగా అంగట్లో కూర్చుంటోంది. శెట్టి సరుకు కోసం ఊర్లు తిరిగేవాడు. భార్య రోజంతా కూర్చోవాలని మంచి టేకు కుర్చీ చేయించాడు. "మెత్తగా ఉండల్ల పీరమ్మా," అన్నది నాగరత్నమ్మ. ఆ ఒక్క మాటే చెప్పింది.

మెత్తగా చేయడం మాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? మా ఆయన ఆ దూదిని ఏకిన తీరు చూడాలి, మబ్బుతునకలా లేచింది. దానితో మెత్త వేస్తే కుర్చీ నూనెలో పూరీలా పొంగింది. కడప దాకా బస్సు మీద వేసుకుని, బస్టాండు నుంచి తలమీద పెట్టుకుని పోయి అంగట్లో దించాం. నాగరత్నమ్మ కూర్చుంది. కూర్చుంది అంటే, దిగింది. మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చాయి.

అప్పుడే ఎవరో పెద్దావిడ వచ్చి కుంకుమ అడిగింది. నాగరత్నమ్మ లేవాలని ముందుకు వంగింది, వెనక్కి పడింది. మళ్లీ వంగింది, మళ్లీ పడింది. శెట్టి అక్కడే ఉన్నాడు.

"ఏమే, కుర్చీలో కూసున్నావా, బాయిలో దిగినావా? తాడు ఏమన్నా ఎయ్యమంటావా?"

అంగట్లో అందరూ నవ్వారు. నాగరత్నమ్మ కూడా నవ్వింది. మా ఆయన మాత్రం తల దించుకుని కుర్చీ తలకెత్తుకున్నాడు.

తిరిగి బస్టాండుకు నడిచే దారి పొడుగునా నేను గొణుగుతూనే ఉన్నాను. "ఆయమ్మ మెత్తగా అడిగె, మనం మెత్తగా చేస్తిమి. ఇంకేం తప్పు మనది, అత్తా?"

పీరమ్మ నడుస్తూనే చెప్పింది. "మెత్త అనే పేరు పెట్టినాం గదా, అందుకని అందరూ మెత్తగా కావల్ల అంటారు. ఆయమ్మ అడిగింది అది కాదుమే. కూసుంటే నొయ్యకూడదు, లేస్తే ఒకరు పట్టుకోకూడదు. దానికి మాట ల్యా. మాట లేక మెత్తగా అంటారు."

పిల్లలూ, నేను ఈ పనిలో నేర్చుకున్నదంతా ఆ రోడ్డు మీదే నేర్చుకున్నాను. తర్వాత గడిచిన ఏళ్లన్నీ ఆ మాటను చేతికి అలవాటు చేసుకోవడానికే సరిపోయాయి. పరుపు మీద మనిషి పడుకుంటాడు, పొద్దున ఎలాగోలా లేస్తాడు. కుర్చీలో మనిషి పొద్దస్తమానం లేస్తూనే ఉంటాడు. మేం పరుపులవాళ్లం కనుక అది మాకు తట్టలేదు.

ఆ తర్వాత పీరమ్మ ఎక్కడికి పోయినా మనుషులు కుర్చీల్లోంచి లేవడమే చూసేది. బస్టాండులో, పెళ్లిళ్లలో, ఆసుపత్రి వరండాలో. ముందు తల వంగుతుంది, కాళ్లు వెనక్కి పోతాయి, చేతులు పిడి వెతుక్కుంటాయి. "సూడు, లేసేటప్పుడు ఎవురి కాళ్లు యాడికి పోతాయో సూడు," అని నన్ను మోచేత్తో పొడిచేది. ఒక పెళ్లిలో వియ్యంకుణ్ణి అలాగే చూస్తుంటే ఆయన తన పంచె ఊడిందేమోనని సవరించుకున్నాడు.

నాగరత్నమ్మ కుర్చీని మళ్లీ చేశాం. అడుగున నవారు చేత్తో మీటితే మోగేంత బిగువుగా లాగాం. దాని మీద గోనెపట్ట, కొబ్బరి పీచు దట్టంగా. ముందంచున పీచును గోనెలో చుట్టి, కట్టెలా గట్టిగా కుట్టాం, తొడ అక్కడ ఆనుకుని లేవాలి కనుక. అన్నిటికీ పైన మా ఆయన ఏకిన దూది పలచటి పొర. చివర్లో పీరమ్మ చేతులు రెండూ రొమ్ముకు కట్టుకుని ఆ కుర్చీలో కూర్చుని, ఏ పిడీ పట్టుకోకుండా లేచింది. అప్పటి నుంచి మా ఇల్లు దాటే ప్రతి కుర్చీకీ అదే పరీక్ష.

తమాషా ఏమిటంటే ఆ పరీక్షకు తప్ప ఆమె ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు. తినడం, కుట్టడం, నమాజు చదవడం, అన్నీ చాప మీదే. ఎవరైనా కుర్చీ చూపిస్తే, "నేను లేసేదానికే కూసుంటా నాయనా, కూసునేదానికి కాదు," అని నవ్వేది.

ఖాదర్ సాబు అరచెయ్యి

మాకు ఎక్కువకాలం పని ఇచ్చింది కడపలో ఫర్నిచర్ అంగడి ఖాదర్ సాబు. మంచి మనిషి. ఆడవాళ్ల పని అని ఏనాడూ చులకనగా మాట్లాడలేదు. నాకు కాన్పయినప్పుడు పని ఇంకొకరికి ఇవ్వకుండా ఆగాడు. ఆ మేలు మరిచిపోలేను. అయితే ఆయనకు ఒకటే జబ్బు. కుర్చీ తీసుకుపోతే అరచెయ్యి పెట్టి నొక్కేవాడు. "దిగల్ల పీరమ్మా, చెయ్యి పెడితే దిగల్ల."

ఒకరోజు మా అత్త ఓర్చుకోలేకపోయింది. "నీ చెయ్యి కూసుంటాదా సాబూ కుర్చీలో?"

ఆయన పెద్దగా నవ్వాడు. "కొనేవాళ్లు చేత్తోనే కొంటారు పీరమ్మా. కూసునేది ఇంటికి పోయినాక గదా!"

నిజమే. అంగట్లో ఎవరూ కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని చూడరు. సిగ్గుపడతారు. నొక్కి చూసి కొంటారు. అందుకని మేం ఒక దారి పట్టాం. పైన సాబు మాట, కింద అత్త మాట. పైపొర అరచేతికి దిగుతుంది, అడుగు నవారు మనిషిని నిలబెడుతుంది. దీన్ని మోసం అనుకోకండి. కొనేవాళ్లకు కావలసింది ఒకటి, కూర్చునేవాళ్లకు కావలసింది ఒకటి, ఆ ఇద్దరూ ఒకే మనిషి. ఇద్దరికీ చేసిపెట్టడమే మన పని.

స్పంజిని తిట్టవద్దని కూడా చెప్తాను. నా వయసువాళ్లు చాలామంది తిడతారు. స్పంజి తేలిక, దుమ్ము రాదు, ఆయాసం ఉన్నవాళ్లకు దూదికంటే మేలు. పలచటి నాసిరకం తెచ్చి మందం కనబడేలా రెక్సిన్ లాగేవాళ్లను తిట్టండి, నేనూ మీతో కలుస్తాను.

ఇంకొకటి, పాత కుర్చీ విప్పితే సందుల్లో ఏవేవో దొరుకుతాయి. వేరుశనగ తొక్కలు, జడపిన్నులు, బలపం ముక్కలు, ఒకసారి ఒక పెద్దాయన పళ్లసెట్టు. ఆ ఇంటివాళ్లు దాని కోసం పనిమనిషిని అనుమానించారట. ఏది దొరికినా ఒక గుడ్డలో కట్టి కుర్చీతోపాటే పంపండి. దూది కూడా అంతే. ఏ ఇంటి దూది ఆ ఇంటికే పోవాలి. మళ్లీ ఏకి, ఎండబెట్టి, తక్కువైతే కొత్తది కలపండి గాని ఒకరిది ఇంకొకరికి వేయకండి. పీరమ్మ దీన్ని దేవుడి ఆజ్ఞలా పాటించింది.

కుర్చీ తిరిగొచ్చింది

ఓబులేసు కబురు చెప్పిన మరునాడే అతని ఆటోలో కడపకు పోయాను. నాగరత్నమ్మ ముందుగదిలో, కొడుకు సుధాకర్ కొత్తగా కొన్న పెద్ద సోఫాలో కూర్చుని ఉంది. కాదు, మునిగి ఉంది.

"రా మస్తానమ్మా. లేసి పలకరిద్దామంటే ఇద్దురు కావల్ల నన్ను లాగేదానికి."

"ఏం శెట్టెమ్మా, మళ్లా బాయిలో దిగినావా?"

నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. సుధాకర్ బాధగా చూశాడు. "నేను మంచిదే తెచ్చినాను పెద్దమ్మా. ఎముకలకు నొప్పి లేకుండా మెత్తగా ఉండల్లని."

"మంచిదే నాయనా. పడుకునేదానికి శానా బాగుండాది. అంగట్లో పాత కుర్చీ ఏమాయె?"

"దాంట్లోంచీ లెయ్యలేకుండాది. కిందికి దిగబడిపోయింది."

వంగి చూడకుండానే నాకు తెలుసు. అన్నేళ్లు లాగిన నవారు సడలి ఉంటుంది. నాగరత్నమ్మను నిలబెట్టి, మడమ నుంచి మోకాలి వెనక దాకా దారంతో కొలిచి ముడి వేసుకున్నాను. ఆమె నా చేతిలో చక్కెర పొట్లం ఒకటి పెట్టింది.

"పని మొదలుపెట్టేముందు ఈ చక్కెర దర్గాలో పెట్టి ఫాతెహా చదివించు. పీరమ్మ ఉండింటే అడక్కుండానే చదివించేది."

చదివించాను. ఆ చక్కెర కొంచెం నాలుక మీద వేసుకుని, రేష్మా నోట్లోనూ వేసి, ఓబులేసు ఆటోలో తెచ్చిన కుర్చీని వాకిట్లో పెట్టుకున్నాం. చేతులు రేష్మావి, మాట నాది. గుడ్డ, దూది, పీచు, గోనె, వరసగా చాప మీద పరిచాం. ముందంచు దగ్గరికి వచ్చేసరికి రేష్మా ఆగింది.

"అత్తా, ఈ కుట్టు ఎవురిది? ఇంగా తెగలే. ఇప్పేదానికి మనసు రాలే."

పీరమ్మ కుట్టు. ముడి దగ్గర దారాన్ని వెనక్కి మడిచి మళ్లీ లోపలికి దూర్చేది, ఆమె పద్ధతి. పైన రెండు మూడుసార్లు మా చేత్తోనే గుడ్డ మార్చాం గాని ఆ అంచు విప్పే అవసరం ఎప్పుడూ రాలేదు. దాన్ని వేలితో నిమిరి, "దాన్ని ముట్టుకోవద్దు. చుట్టూతా చేద్దాం," అన్నాను.

కొత్త నవారు రేష్మా కాలు తన్నిపెట్టి లాగింది. దూది తీసి ఏకించి, ఎండబెట్టి, మళ్లీ అదే వేశాం. వడ్రంగి కాళ్లకింద చెక్క దిమ్మలు బిగించి, నా దారం ముడికంటే కాస్త ఎత్తుకు తెచ్చాడు. రేష్మా చేతులు కట్టుకుని కూర్చుని, లేచి చూపించింది. నేనూ లేచాను. పని అయిపోయిందనుకున్నాను.

మడమలు

ఓబులేసు ఆటోలోనే తీసుకుపోయి అంగట్లో కుర్చీ దించాం. నాగరత్నమ్మ కూర్చుంది. ఇసుమంత కూడా దిగలేదు. "హమ్మయ్య," అని ముందుకు వంగి, పిడులు పట్టుకుని లేవబోయింది. నడుము కొద్దిగా లేచింది, ఆగింది, కూలబడింది. ఇంకోసారి. అదే తీరు.

సుధాకర్ చెయ్యి చాచాడు.

"తీయ్ చెయ్యి," అన్నదామె మెల్లగా. తర్వాత నాకేసి చూసి, "పోనీలే మస్తానమ్మా. నీ పనిలో తక్కువేం ల్యా. నా వయసే అయిపోయింది," అంది.

ఆ మాట నేను ఒప్పుకోలేను. అయితే నాకేమీ తోచలేదు. ఎత్తు సరిపోయింది, నవారు బిగువుగా ఉంది, అంచు గట్టిగా ఉంది. మనసులో దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడ్డాను. రేష్మా మాత్రం నేల మీద గొంతుకూర్చుని చూస్తోంది.

"శెట్టెమ్మవ్వా, ఇంగొకసారి లెయ్యబో. లెయ్యకున్నా పర్వాల్యా." చూసింది. "అత్తా! అవ్వ కాళ్లు ఎనక్కి పోతాండాయి గాని మడమలు పట్టెకు తగులుతాండాయి. సూడు!"

మధ్యలో ఎప్పుడో కుర్చీ కాళ్లు ఊగుతున్నాయని ఎవరో ముందు కాళ్ల మధ్య ఒక అడ్డపట్టె కొట్టారు. రేష్మాకూ నాకూ కాళ్లలో బలముంది, మడమలు వెనక్కి పోకుండానే లేచేశాం. ఆపరేషన్ అయిన మనిషికి పాదాలు ఒంటికిందికి రావాలి. ఎవరి కాళ్లు ఎక్కడికి పోతాయో చూడమని అత్త నన్ను ఎన్నిసార్లు పొడిచింది! నేను మెత్తను చూశాను, నా కోడలు మడమలు చూసింది. అల్‌హమ్దులిల్లా, ఆ చూపు మా ఇంట్లోనే ఉండిపోయింది.

పక్కవీధి వడ్రంగిని ఓబులేసు ఆటోలో ఎక్కించుకొచ్చాడు. పట్టె ఊడదీసి, వెనక్కి జరిపి పక్కపట్టెల మధ్య బిగించాడు. గిరాకీలు కూడా నిలబడి చూశారు.

నాగరత్నమ్మ కూర్చుంది. అప్పుడే ఎవరో పిల్ల, మెడలో పసుపుతాడు ఇంకా కొత్త పచ్చదనంతో ఉంది, వాళ్లత్తతో వచ్చి, "కుంకుమ ఉండాదా?" అంది.

సుధాకర్ పొట్లం తీయబోయాడు. నాగరత్నమ్మ కాళ్లు వెనక్కి జరిపింది, తల వంచింది, పిడుల మీద చేతులు పెట్టింది. లేచింది. నిలబడి, చీర సర్దుకుని, రెండు చేతులా కుంకుమ అందించింది. ఆ పిల్ల తీసుకుని కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. అక్కడ ఏం జరిగిందో ఆమెకు తెలియదు, తెలియవలసిన పనీ లేదు.

"ఓబులేసూ," అంది నాగరత్నమ్మ, ఇంకా నిలబడే, "ఆ సోఫా ఎవురికన్నా కావల్నేమో అడుగు."

"ఏంటికి? నేను పండుకుంటా దాంట్లో!" అన్నాడు అంతవరకూ మూల నిలబడ్డ శెట్టి.

ఆయన ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అందులోనే నిద్రపోతున్నాడట. ఆమె రోజూ అంగట్లోనే ఉంటోంది. ఓబులేసే చెప్పాడు.

మా అత్త పీరమ్మ కమలాపురం మట్టిలో కలిసిపోయి చాలా ఏళ్లయింది. ఆమె ఫోటో కూడా లేదు, తీయించుకోమంటే "ఏంటికిలే" అనేది. పిల్లలూ, మీకు ఒక్కటే మనవి. ఎప్పుడైనా కుర్చీలోంచి ఒకరి చెయ్యి పట్టుకోకుండా లేచినప్పుడు, పీరమ్మ అని ఒక మనిషి ఉండేదని తలుచుకోండి. నిలబడే తలుచుకోండి.